మాటకు సైగ అడ్డమా?

మాటలు రాని పిల్లలకు సైగలు అలవాటు చేస్తే ఇక ఎప్పటికీ మాట్లాడరన్న భయం మన ఇళ్ళల్లో చాలా పాతది. వినికిడి లేని పిల్లవాడు చెయ్యి ఊపి నీళ్ళడిగితే, ఆ చేతిని పట్టుకుని ఆపి "నోటితో అడుగు" అనే తల్లిదండ్రులు ఈ రోజుకీ ఉన్నారు. అలా చెయ్యమని సలహా ఇచ్చే నిపుణులూ ఉన్నారు. ఇంకోవైపు అమెరికాలోనో మన పెద్ద నగరాల్లోనో ఉండే కొన్ని కుటుంబాలు, ఏ లోపమూ లేని తొమ్మిది నెలల బిడ్డకు 'బేబీ సైన్' పుస్తకాలూ వీడియోలూ తెచ్చి 'పాలు', 'ఇంకా', 'చాలు' అనే సైగలు నేర్పుతున్నాయి. అలా నేర్పితే తెలివితేటలు పెరుగుతాయన్న ప్రచారం వాళ్ళ చెవిన పడింది. ఒకే సాధనం మీద ఒకరికి భయం, మరొకరికి అత్యాశ. గత అరవై ఏళ్ళలో జరిగిన పరిశోధనలను వరసగా చదువుకుంటూ వస్తే ఈ రెండూ నిలబడవు. సైగల వల్ల మాట చెడిపోదు, తెలివీ పెరిగిపోదు. ఏ బిడ్డకు సైగలు ఎంత అవసరమన్నది ఆ బిడ్డకు మాట వినపడుతోందా, వినపడినా పలకగలుగుతోందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. వినగలిగి పలకగలిగే బిడ్డకు అదొక ముచ్చట. విన్నా పలకలేని బిడ్డకు ఊతం. వినలేని బిడ్డకు మొదటి భాష. సాక్ష్యాలు చూపించే క్రమం ఇది. మన దగ్గర సైగలు అందుతున్న క్రమం మాత్రం సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంది.

వినే పిల్లల సంగతి ముందు చూద్దాం. ఊపిరి, గొంతు, నాలుక, పెదవులు అన్నీ ఒక్క లయలో కదిలితే గాని ఒక మాట బయటికి రాదు. వేలు చాపి చూపించడానికి అంత శ్రమ అక్కర్లేదు. పది నెలల బిడ్డకు చాలా మాటలే అర్థమవుతుంటాయి కానీ, పలకగలిగేది ఒకటో రెండో. ఈ రెండింటి మధ్య ఎడాన్ని పిల్లలు చేతులతో పూడ్చుకుంటారు. తెలుగు ఇళ్ళల్లో దీన్ని ఎవరూ పాఠంగా నేర్పరు. తారంగం ఆడించడం, చందమామను వేలితో చూపి పిలిపించడం, గుడి కనబడగానే జేజికి దణ్ణం పెట్టించడం, వెళ్ళేవాళ్ళకు టాటా చెప్పించడం, ఇవన్నీ మాటా చెయ్యీ జంటగా నడిచే ఆటలే. ఇలాంటి సైగలు మాటకు దారి వేస్తాయని సుసాన్ గోల్డిన్-మెడో, జానా ఐవర్సన్ 2005లో చూపించారు. పదిమంది పిల్లల్ని నెలల తరబడి గమనిస్తే, ఒక వస్తువును ముందు వేలితో చూపించడం, ఆ తరవాత కొన్నాళ్ళకు దాని పేరు పలకడం వరసగా కనబడింది. అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటుంది. తండ్రి చెప్పుల్ని వేలితో చూపిస్తూ "నాన్న" అనే దశ ఎంత తొందరగా వస్తే, "నాన్న చెప్పులు" అని రెండు మాటలు కలిపే దశ కూడా అంత తొందరగా వచ్చింది. అంటే వాక్యానికి పునాది నోట్లో కన్నా ముందు చేతిలో పడుతోంది.

గోల్డిన్-మెడో, మెరెడిత్ రో 2009లో 'సైన్స్' పత్రికలో ఇంకో ఫలితం ప్రకటించారు. షికాగోలో 50 కుటుంబాల పిల్లల్ని పద్నాలుగు నెలల వయసులో చూసినప్పుడు, ఆర్థికంగా, చదువులో మెరుగైన ఇళ్ళలోని పిల్లలు సైగలతో ఎక్కువ అర్థాలు చెబుతున్నారు. ఎందుకంటే ఆ ఇళ్ళలో పెద్దవాళ్ళూ పిల్లలతో ఎక్కువ సైగలు చేస్తున్నారు. నాలుగున్నరేళ్ళకు ఆ పిల్లల మాటల సంపదలో కనబడిన తేడాలో కొంత భాగానికి మూలం ఆ పద్నాలుగో నెల సైగల్లోనే ఉంది. సైగలే తేడాకు కారణమని దీనితో నిరూపణ అయిపోయిందని అనలేం. బిడ్డతో ఎక్కువ కబుర్లు చెప్పే ఇల్లే ఎక్కువ సైగలు చేసే ఇల్లు కూడా కావచ్చు. కానీ ఈ పరిశోధనల నుంచి ఒక ఆచరణాత్మకమైన సూచన మాత్రం గట్టిగా వచ్చింది. ఏడాది నిండినా వేలు చాపి చూపించకపోవడం, టాటా చెప్పకపోవడం వినికిడి లోపానికో ఆటిజానికో తొలి గుర్తు కావచ్చు కాబట్టి అప్పుడే పరీక్ష చేయించాలి. "వాళ్ళ మేనమామకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి", "వస నూరి నాకిస్తే అవే వస్తాయి" అని రెండేళ్ళు, మూడేళ్ళు గడిపేసే ఇళ్ళల్లో పోయేది మళ్ళీ తిరిగిరాని కాలం.

సహజంగా వచ్చే సైగలు మంచివైతే, ప్రత్యేకంగా నేర్పితే ఇంకా మంచిది కదా అన్నది 'బేబీ సైన్' వాదం. దీనికి మూలం కాలిఫోర్నియాలో లిండా అక్రెడోలో, సుసాన్ గుడ్‌విన్ చేసిన పని. అక్రెడోలో కూతురు పూలు కనబడగానే ముక్కు ఎగబీల్చి వాటిని 'పేరు పెట్టి' పిలవడం గమనించడంతో ఆ పని మొదలైంది. పదకొండు నెలల వయసున్న 103 మంది పిల్లల్ని మూడు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు సైగలు నేర్పించి, 2000లో ఫలితాలు ప్రచురించారు. సైగలు నేర్చిన పిల్లలు రెండేళ్ళ వయసు దాకా కొన్ని భాషా పరీక్షల్లో కాస్త ముందున్నారు. తరవాత ఆ తేడా చాలావరకు చెరిగిపోయింది. ఎనిమిదేళ్ళ వయసులో ఆ పిల్లల ఐక్యూ ఎక్కువగా ఉందని చెప్పింది మాత్రం ఒక సదస్సులో. ప్రచారమంతా నిలబడింది దాని మీదే. పుస్తకాలూ శిక్షణ కార్యక్రమాలూ అమ్మిన సంస్థ కూడా ఆ పరిశోధకులదే కావడం పాఠకులు గుర్తు పెట్టుకోవలసిన సంగతి. 2005లో కెనడాకు చెందిన జాన్‌స్టన్ బృందం అప్పటిదాకా వచ్చిన 17 అధ్యయనాలను జల్లెడ పట్టి, పద్ధతిలో లోపాల వల్ల వీటి నుంచి ఏ లాభమూ నిరూపణ కాలేదని తేల్చింది. ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలిజబెత్ కిర్క్ బృందం 40 మంది పిల్లల్ని లాటరీ పద్ధతిలో గుంపులు చేసి, ఎనిమిదో నెల నుంచి ఇరవయ్యో నెల దాకా గమనించి 2013లో చెప్పింది కూడా అదే. సైగలు నేర్చిన పిల్లలకు మాటల్లో ప్రత్యేకమైన లాభం కనబడలేదు. నష్టమూ కనబడలేదు.

కిర్క్ పరిశోధనలో తల్లుల వైపు నుంచి ఒక ఆసక్తికరమైన ఫలితం వచ్చింది. సైగలు నేర్పిన తల్లులు బిడ్డ చూపును, చేతి కదలికను ఎక్కువగా పట్టించుకున్నారు. బిడ్డ తనంతట తాను ఏదైనా చెయ్యబోతే ప్రోత్సహించారు. మంచిదే. కానీ బిడ్డ కళ్ళలోకి చూస్తూ, ఆ బిడ్డ చూస్తున్న వస్తువు గురించే మాట్లాడే ప్రతి తల్లీ, అమ్మమ్మా ఈ పని ఏ పుస్తకమూ కొనకుండానే చేస్తున్నారు. పైగా అదే విశ్వవిద్యాలయంలో జరిగిన మరో అధ్యయనంలో, సైగల తరగతులకు పిల్లల్ని తీసుకెళ్ళే తల్లుల్లో ఒత్తిడి మిగతా తల్లుల కన్నా ఎక్కువగా ఉందని తేలింది. తరగతి వల్ల ఒత్తిడి వచ్చిందని దీని అర్థం కాదు. బిడ్డ వెనకబడిపోతుందేమోనన్న బెంగే వాళ్ళను అక్కడికి నడిపించి ఉండవచ్చు. అందుచేత వినే పిల్లల విషయంలో తీర్పు చెప్పడం కష్టమేమీ కాదు. ఇష్టమైతే 'పాలు', 'బువ్వ', 'ఇంకా', 'అయిపోయింది' లాంటి నాలుగు సైగలు మాటతో కలిపి చెయ్యండి, బిడ్డ మారాం కొంత తగ్గవచ్చు, ఇంట్లో సరదాగా ఉంటుంది. ఐక్యూ కోసమైతే డబ్బు పెట్టకండి. సైగలు నేర్పలేదని ఏ తల్లీ బాధపడనక్కర్లేదు.

రెండో వర్గం పిల్లల దగ్గరికి వచ్చేసరికి ముచ్చట పోయి అవసరం మొదలవుతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు చాలామంది విని అర్థం చేసుకున్నంతగా పలకలేరు. కండరాల బిగువు తక్కువ, నోటి నిర్మాణంలో తేడా, మధ్య చెవిలో తరచూ నీరు చేరి వినికిడి తగ్గడం, ఇవన్నీ మాటను వెనక్కి లాగుతాయి. అదే పిల్లలు చూసి నేర్చుకోవడంలో, చేతితో చూపించడంలో మెరుగ్గా ఉంటారు. ఇలాంటివాళ్ళ కోసం 1970ల్లో ఇంగ్లండులో మార్గరెట్ వాకర్ 'మకటన్' అనే పద్ధతిని రూపొందించారు. వాక్యమంతా నోటితోనే చెబుతారు, అందులోని ముఖ్యమైన ఒకటి రెండు మాటలకు మాత్రం సైగ జోడిస్తారు. "అన్నం తిందాం రా" అంటూ తినే సైగ చేస్తే, చెవిన పడిన శబ్దానికి కంటికి కనబడే గుర్తు ఒకటి తోడవుతుంది. ఫిన్లండులో కాయిసా లౌనోనెన్ డౌన్ సిండ్రోమ్ ఉన్న పసివాళ్ళకు మొదటి ఏడాది నుంచే సైగలు నేర్పించి చూశారు. ఆ పిల్లలు తరవాత భాషలో, కలివిడితనంలో తోటివాళ్ళ కన్నా ముందున్నారు. ఆలోచనకూ నోటికీ మధ్య తీగ సరిగ్గా కుదరని మాటల అప్రాక్సియా పిల్లలకు కూడా ఈ దారి పనికొస్తుంది.

ఇక్కడే పాత అభ్యంతరం ఎదురవుతుంది. చెయ్యి ఊపితే పని జరిగిపోతుంటే పిల్లవాడు నోరెందుకు విప్పుతాడు? వినడానికి న్యాయంగానే ఉన్నా, పరీక్షించి చూస్తే ఇది నిలవలేదు. డయాన్ మిల్లర్, జానిస్ లైట్, రాల్ఫ్ ష్లోసర్ 2006లో సైగలు, బొమ్మలు, యంత్రాలు వంటి ప్రత్యామ్నాయ సాధనాలు వాడిన పిల్లల, పెద్దల మీద జరిగిన 23 అధ్యయనాలను సమీక్షించారు. వాటిలో నమ్మదగిన పద్ధతిలో కొలిచిన 27 మంది సంగతి తీసుకుంటే, వందకు 89 మందిలో మాట పెరిగింది, వందకు 11 మందిలో మార్పు లేదు. మాట తగ్గినవారు ఒక్కరు కూడా లేరు. పెరిగింది కొంచెమే కావచ్చు, కానీ భయపడ్డ నష్టం మాత్రం జరగలేదు. ఎందుకు జరగలేదో ఊహించడం కష్టం కాదు. నడక నేర్చుకునే బిడ్డకు మూడు చక్రాల చెక్కబండి ఇస్తే ఇక జన్మంతా బండి పట్టుకునే నడుస్తుందని ఎవరూ భయపడరు. మాట సైగ కన్నా వేగమైనది, చీకట్లోనూ వీపు వెనక నుంచీ పనిచేస్తుంది, అందరికీ అర్థమవుతుంది. అది సాధ్యమైన రోజున పిల్లలు తమంతట తామే దానికి మారతారు. అది సాధ్యమయ్యే దాకా ఆకలీ నొప్పీ భయమూ చెప్పుకునే దారి లేకపోతే పిల్లలు ఏడుస్తారు, కొరుకుతారు, తల బాదుకుంటారు. వాటిని మొండితనమని దండిస్తున్నాం. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి ఎదుటివారి చేతి కదలికను అనుకరించడమే కష్టం. వాళ్ళకు సైగ కన్నా బొమ్మల కార్డులు నయం కావచ్చు. సాధనాన్ని బిడ్డను చూసి ఎంచుకోవాలి.

మూడో వర్గం వినలేని పిల్లలు. ఇక్కడ 'నాలుగు సైగలు' అన్న మాట చాలదు, భాష కావాలి. ఈ తేడా తెలియకపోవడం వల్లే మన చర్చలు సగం గందరగోళంలో పడతాయి. 1960లో వాషింగ్టన్‌లోని గాలడెట్ కళాశాలలో పనిచేసే విలియం స్టోకో, అమెరికన్ సంజ్ఞా భాషలోని ప్రతి సంజ్ఞనూ చేతి ఆకారం, అది ఉండే చోటు, కదలిక అనే భాగాలుగా విడదీయవచ్చని, మాటలో ధ్వనులు చేసే పనినే ఇవి చేస్తాయని చూపించాడు. అప్పటిదాకా వట్టి అభినయమనుకున్నది వ్యాకరణమున్న భాష అని తేలింది. మన భారతీయ సంజ్ఞా భాష కూడా అంతే. అది తెలుగును చేతులతో చెప్పడం కాదు, హిందీని చెప్పడమూ కాదు. అందులో ప్రశ్నార్థకం వాక్యం చివర వస్తుంది, విభక్తులుండవు, కనుబొమలూ తల కదలికా వ్యాకరణంలో భాగం. ప్రాంతాన్ని బట్టి కొన్ని సంజ్ఞలు మారినా హైదరాబాదు బధిరులూ ఢిల్లీ బధిరులూ ఒకరితో ఒకరు మాట్లాడుకోగలరు. పసిపిల్లల మెదడు దీన్ని మాటకు సమానంగానే అందుకుంటుంది. బధిర తల్లిదండ్రులకు పుట్టిన బధిర శిశువులు, వినే పిల్లలు 'బబ్బబ్బ' అనే వయసులోనే, అర్థం లేని చేతి కదలికలను లయబద్ధంగా మళ్ళీ మళ్ళీ చేస్తారని లారా పెటిట్టో, పౌలా మారెంటెట్ 1991లో చూపించారు. ముద్దుముద్దు పలుకులు చేతులకూ ఉన్నాయన్న మాట.

అయితే ఆ పలుకులకు బదులు పలికే పెద్దవాళ్ళుండాలి. అమెరికా లెక్కల్లో బధిర పిల్లల్లో నూటికి తొంభైమందికి పైగా వినే తల్లిదండ్రులకే పుడుతున్నారు. అంటే ఇంట్లో అందరికీ ఉన్న భాష బిడ్డకు వినపడదు, బిడ్డకు కనపడగల భాష ఇంట్లో ఎవరికీ రాదు. అలాంటి పిల్లలు తమంతట తాము ఇంటి సైగలు సృష్టించుకుంటారు. అది మనిషి మెదడుకు భాష మీద ఉన్న ఆకలికి రుజువే గాని భాష కాదు. 1970ల చివర్లో నికరాగువా రాజధాని మనాగ్వాలో బధిర పిల్లల్ని మొదటిసారి పెద్ద సంఖ్యలో ఒక బడిలో చేర్చినప్పుడు, ఉపాధ్యాయులు పెదవుల కదలిక చూసి స్పానిష్ నేర్చుకోమంటుంటే, పిల్లలు ఆటస్థలంలో తమ ఇంటి సైగలన్నీ కలిపి కొత్త భాష పుట్టించారు. దానికి పూర్తి వ్యాకరణం తెచ్చింది తరవాత వచ్చిన చిన్న పిల్లలు. పెద్ద వయసులో చేరినవాళ్ళు ఆ స్థాయి అందుకోలేకపోయారు. రేచెల్ మేబెరీ బృందం 2002లో 'నేచర్' పత్రికలో చూపించింది ఇంకా నేరుగా మనకు తగులుతుంది. పసితనంలో ఏదో ఒక భాష, అది నోటిదైనా చేతిదైనా, సరిగ్గా అందినవాళ్ళు తరవాత రెండో భాషను బాగా నేర్చుకోగలిగారు. ఏ భాషా అందకుండా ఎదిగినవాళ్ళు ఆ తరవాత నేర్చుకున్న భాషలో చాలా వెనకబడ్డారు. ఎదుటివారి మనసులో ఏముందో ఊహించగలగడం కూడా దీని మీద ఆధారపడిందే. సంజ్ఞా భాషతో పెరిగిన బధిర పిల్లలకు ఆ శక్తి వినే పిల్లలతో సమానంగా వస్తోంది. భాష ఆలస్యమైన బధిర పిల్లలకు ఏళ్ళ తరబడి ఆలస్యమవుతోంది. లోపం చెవిలో లేదు, భాష అందకపోవడంలో ఉంది.

వినలేని బిడ్డకు సంజ్ఞా భాష కావాలన్న మాటకు ఇప్పుడు వినబడే గట్టి జవాబు కాక్లియర్ ఇంప్లాంట్, అంటే శస్త్రచికిత్సతో చెవి లోపల అమర్చే వినికిడి సాధనం. బిడ్డకు వినికిడే వచ్చేస్తుంటే సైగలు దేనికి అన్నది ప్రశ్న. ఇంప్లాంట్ గొప్ప సాధనమన్న విషయంలో సందేహం అక్కర్లేదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ కిందా, కేంద్రం అమలు చేసే అడిప్ పథకం కిందా అది పేద పిల్లలకూ అందడం నిజమైన మేలు. కానీ శస్త్రచికిత్స జరిగిన రోజున బిడ్డకు భాష రాదు. శబ్దం వస్తుంది, అదీ యంత్రం ఆన్ చేశాక. ఆ శబ్దాన్ని మాటగా విడదీసి వినడానికి ఏళ్ళ శిక్షణ కావాలి. కొందరు పిల్లలు బాగా మాట్లాడతారు, కొందరికి అంత ఫలితం రాదు. ఏ బిడ్డ ఏ వైపు తేలుతుందో ముందుగా ఎవరూ హామీ ఇవ్వలేరు. స్నానం చేసేటప్పుడు, నిద్రపోయేటప్పుడు బయటి యంత్రం తీసేస్తే బిడ్డ మళ్ళీ వినలేని బిడ్డే. వారంటీ గడిచాక తీగలూ బ్యాటరీలూ మార్చే ఖర్చు తట్టుకోలేని ఇళ్ళల్లో యంత్రం మూలపడితే పరిస్థితి అంతకన్నా అన్యాయం. ఒక్క ఇంప్లాంట్ మీదే అంతా పెట్టి, అది ఫలించలేదని నాలుగైదేళ్ళకు తెలుసుకుని, అప్పుడు సైగల బడి వెతకడమంటే భాషకు అనువైన తొలి ఏళ్ళను పందెం కాయడమే.

ఇంప్లాంట్‌తో పాటు సంజ్ఞలు వాడితే మాట దెబ్బతింటుందనడానికి ఎక్కువగా చూపించే సాక్ష్యం ఆన్ గీర్స్ బృందం 2017లో 'పీడియాట్రిక్స్' పత్రికలో ప్రచురించిన అధ్యయనం. ఇంప్లాంట్ ఉన్న 97 మంది పిల్లల్లో, ఇంట్లో సైగలు వాడనివారి మాటా చదువూ మెరుగ్గా ఉన్నాయని అది చెప్పింది. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. కానీ అందులో 'సైగలు వాడినవాళ్ళు' అన్న గుంపులో, మాటకు తోడు కొన్ని సంజ్ఞలు చేసినవాళ్ళనూ సంజ్ఞా భాష బాగా వచ్చినవాళ్ళనూ కలిపి లెక్కించారన్న విమర్శ వెంటనే వచ్చింది. మాట సరిగ్గా రాని పిల్లల ఇళ్ళల్లోనే సైగలు ఎక్కువ కాలం కొనసాగి ఉండవచ్చు కూడా. అప్పుడు కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేసి చదివినట్టవుతుంది. ఇంప్లాంట్‌కు ముందే సంజ్ఞా భాష చక్కగా అందిన పిల్లలెలా ఉన్నారని డేవిడ్‌సన్, లిల్లో-మార్టిన్, చెన్ పిచ్లర్ 2014లో చూశారు. బధిర తల్లిదండ్రులకు పుట్టి, ఇంప్లాంట్ పెట్టించుకున్న ఐదుగురు పిల్లల ఇంగ్లీషు, బధిర తల్లిదండ్రులకు పుట్టిన వినే పిల్లల ఇంగ్లీషుకు తీసిపోలేదు. ఐదుగురంటే చిన్న సంఖ్యే. అయినా సంజ్ఞా భాష మాటను చంపేస్తుందన్న వాదం నిజమైతే ఈ ఐదుగురూ అలా మాట్లాడగలిగేవారు కాదు. బధిర దంపతుల ఇళ్ళల్లో పుట్టి చేతి భాషా నోటి భాషా రెండూ సమంగా నేర్చుకునే వినే పిల్లలు ఈ వాదానికి ఏనాటి నుంచో జవాబుగా ఉన్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ మాట్లాడే పిల్లలు పెరిగిన హైదరాబాదు లాంటి నగరంలో రెండు భాషలు బిడ్డకు బరువవుతాయని చెబితే ఎవరూ నమ్మరు.

ఇంకో అభ్యంతరంలో నిజం పాలు ఎక్కువ. వినే తల్లిదండ్రులకే రాని భాషను బిడ్డకు ఎలా నేర్పుతారు, వచ్చీరాని సంజ్ఞలతో బిడ్డ భాషా వచ్చీరానిది కాదా? పరిశోధన దీనికి రెండు జవాబులిస్తోంది. సైమన్ అన్న మారుపేరుతో ప్రసిద్ధుడైన ఒక బధిర బాలుడి తల్లిదండ్రులు కౌమారంలో గాని సంజ్ఞా భాష నేర్చుకోనివాళ్ళు, వాళ్ళ సంజ్ఞల్లో తప్పులు దొర్లేవి. తప్పుల మధ్య నుంచే పిల్లవాడు నియమాలను పట్టుకుని తల్లిదండ్రుల కన్నా మెరుగ్గా సంజ్ఞలు చేశాడని జెన్నీ సింగిల్టన్, ఎలిసా న్యూపోర్ట్ 2004లో రాశారు. నవోమి కాసెల్లి బృందం 2021లో ఇంకా ధైర్యమిచ్చే సంగతి చెప్పింది. వినే తల్లిదండ్రుల బధిర పిల్లలకు ఆరు నెలల లోపే సంజ్ఞా భాష అందితే, వాళ్ళ పదసంపద బధిర దంపతుల పిల్లలకు మల్లేనే వయసుకు తగినట్టు పెరుగుతోంది. తల్లి పండితురాలు కానక్కర్లేదు, బిడ్డ కన్నా ఒక అడుగు ముందుంటే చాలు. కానీ ఆ అడుగు వేయించడానికి ఎవరో ఉండాలి. స్వీడన్ ప్రభుత్వం 1981లోనే బధిర పిల్లల చదువుకు సంజ్ఞా భాషను గుర్తించింది, ఆ తరవాత తల్లిదండ్రులకు 240 గంటల శిక్షణను ఖర్చు తాను భరించి ఇచ్చే ఏర్పాటు చేసింది. మన దగ్గర నాలుగు వందల కూలీ మానుకుని పట్నం రాలేని తల్లిని "మీకే రాదు, మీరేం నేర్పుతారు" అనడం తేలిక. నేర్పే మనిషిని ఆమె ఊరికి పంపడం ప్రభుత్వం పని.

చివరి అభ్యంతరం పైకి చెప్పనిది. నలుగురిలో చేతులు తిప్పితే బిడ్డ లోపం బయటపడుతుందన్న బిడియం అది. ఈ బిడియానికి చదువుకున్నవాళ్ళ ముద్ర కూడా ఉంది. 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో సమావేశమైన ఉపాధ్యాయులు బధిరుల బడుల్లో సంజ్ఞలకు బదులు నోటి మాటే ఉండాలని తీర్మానించారు. అక్కడ ఓటేసినవాళ్ళలో బధిరులు దాదాపు లేరు. నూరేళ్ళ పాటు ప్రపంచమంతటా పిల్లల చేతులు కట్టేసిన ఆ తీర్మానాన్ని, అదే పరంపరకు చెందిన సదస్సు 2010లో వాంకూవర్‌లో తిరస్కరించి విచారం ప్రకటించింది. మనవైపు మిలాన్ నీడ ఇంకా తొలగలేదు. నోటి మాట మీదే నడిచే బడుల్లో పదేళ్ళు చదివి, మాటా రాక సంజ్ఞా భాషా రాక బయటికి వచ్చే యువత ఆ నీడకు సాక్ష్యం. లోపం దాచితే దాగదు. దాచడానికి వెచ్చించిన ఏళ్ళు మాత్రం బిడ్డ చదువు నుంచి పోతాయి.

మన దగ్గర ఇప్పుడున్న పరిస్థితిలో చట్టం, కాగితం వెనకబడి లేవు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వినికిడి లోపం ఉన్నవాళ్ళు 50 లక్షలకు పైగా తేలారు. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది. 2018లో 3,000 పదాలతో మొదలైన దాని నిఘంటువు 2021కి 10,000 పదాలకు చేరింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం బధిర పిల్లలకు తగిన భాషలో, తగిన పద్ధతిలో చదువు చెప్పాలంటోంది. 2020 జాతీయ విద్యా విధానం సంజ్ఞా భాషకు దేశమంతటా ప్రామాణికత తెస్తామంది. సికింద్రాబాదులోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం, జిల్లాల్లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే తొలి చికిత్సా కేంద్రాలు, మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు, ఊరూరా అంగన్‌వాడీలు ఉన్నాయి. లేనిదల్లా వీటిని బిడ్డ మొదటి ఏడాదితో కలిపే దారం. నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు సహాయం అన్నది అమెరికాలో స్థిరపడిన నియమం. మేనరికాలు ఎక్కువగా ఉండి, పుట్టు చెవుడు ముప్పు మిగతా చోట్ల కన్నా ఎక్కువగా ఉన్న తెలుగు నేల మీద ఆ నియమం ఇంకా ఎక్కువ అవసరం. నిర్ధారణ అయిన ఇంటికి చెవి మిషనుతో పాటు, సంజ్ఞా భాష తెలిసిన బధిర యువతీ యువకులను వారానికి రెండు రోజులు గౌరవ వేతనంతో పంపగలిగితే, ఒకరికి ఉపాధి, ఇంకొకరికి భాష దొరుకుతాయి.

వినే బిడ్డల తల్లిదండ్రులు సైగల పుస్తకాల కోసం ఆరాటపడనక్కర్లేదు. మాట ఆలస్యమైన బిడ్డల తల్లిదండ్రులు సైగలంటే భయపడనక్కర్లేదు. బిడ్డకు వినికిడి లేదని తేలిన తల్లిదండ్రులు మాత్రం ఒక్క నెల కూడా ఆగకూడదు. మిషను పెట్టించండి, అర్హత ఉంటే ఇంప్లాంట్ చేయించండి, మాట కోసం ఎంతైనా కష్టపడండి, అదే రోజు నుంచి సంజ్ఞా భాషా మొదలుపెట్టండి. మాట వస్తే బిడ్డకు రెండు భాషలుంటాయి. రాకపోతే ఒకటైనా ఉంటుంది. సంజ్ఞా భాషను కాదన్న ఇంట్లో, మాట రాకపోతే ఆ బిడ్డకు ఏదీ ఉండదు.